‘ఎందుకు కోసినారో తెల్దు మేడమ్’: సిజేరియన్ తర్వాత రెండో కాన్పు, ఒక కేస్ స్టడీ

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో నేను గైనకాలజిస్టుని. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టరు తప్పక చూడాలి కాబట్టి, ఆ రోజు మా వరండాలో కాలు పెట్టే చోటు ఉండదు. ఈ కేసు జూన్ 9న వచ్చింది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, ఇంటివాళ్ల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను.

వయసు 24. రెండో కాన్పు, 26 వారాలు. మొదటి బిడ్డ ఆడపిల్ల, మూడేళ్లు దాటింది, సిజేరియన్‌తో పుట్టింది. బీపీ, షుగరు మామూలుగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 8.6. చదువు ఐదో తరగతి. కూడా అత్త, ఆశా కార్యకర్త వచ్చారు.

ఆ రోజు నేనేం చేశానో ముందు చెప్పాలి. కార్డు మీద ఎర్ర ఇంకుతో ‘ప్రీవియస్ ఎల్‌ఎస్‌సీఎస్’, అంటే ఇదివరకే సిజేరియన్ అయింది అని రాశాను. దాని కింద ‘39 వారాలకు ఎలక్టివ్ సిజేరియన్, ట్యూబెక్టమీ’ అని రాశాను. అంటే ముందే తేదీ పెట్టుకుని సిజేరియన్, దాంతోపాటే ఇక పిల్లలు పుట్టకుండా ట్యూబులు ముడేసే ఆపరేషన్. రక్తం తక్కువగా ఉంది కాబట్టి ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు రాశాను. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. ఆ నాలుగైదు నిమిషాల్లో ఆమెను నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ట్యూబెక్టమీ సంగతి అడిగింది అత్తని. ‘రెండో కాన్పే గదమ్మా, దాంతోపాటే ఆపరేషన్ చేసేయమంటారా?’ అంటే ‘సేసేయండి మేడమ్, మళ్లీ మళ్లీ యాడ తిరుగుతాము’ అంది. నేను ఆ మాటనే కార్డులోకి ఎక్కించాను.

మధ్యాహ్నం ఓపీ అయిపోయాక ఆశా మళ్లీ లోపలికి వచ్చింది. బయట చెట్టు కింద ఆ అమ్మాయి ఏడ్చిందట. ‘ఈసారి కూడా కోస్తారా యక్కా? మొదటిసారి ఎందుకు కోసినారో నాకు తెల్దు’ అందట. ఆ మాట నన్ను ఇంటిదాకా వదల్లేదు. మరుసటి గురువారం ఓపీ పలచగా ఉంటుంది, ఆ రోజు ఆమెను ఒక్కదాన్నే తీసుకురమ్మని చెప్పాను. అత్తకు కోపం రాకుండా ‘రక్తం ఇంజెక్షను’ అని చెప్పి తీసుకొచ్చింది ఆశా. ఇంజెక్షను నిజంగానే ఉంది కాబట్టి అది అబద్ధమూ కాదు.

మొదటి కాన్పు కథ

ఈ పక్క ఊళ్లు ఎలాంటివో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాన ఒక్కటే ఆధారం. పంట చేతికి రాని ఏడు పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు వైపు ఊళ్లకు ఊళ్లే వలస పోతాయి. నిండు చూలాళ్లు కూడా పోతారు. ఆమె మొదటిసారి తొమ్మిదో నెలలో మిరప చేలో ఉంది. రాత్రంతా నొప్పులు వచ్చాయి. పొద్దున గుంపు మేస్త్రీ బండి మీద దగ్గర్లో ఉన్న ప్రైవేటు క్లినిక్కుకి తీసుకుపోయాడు. మొగుడు ఇంకో చేలో ఉన్నాడు. ‘బిడ్డకు ఇబ్బందంట అన్నారు, ఎత్తుకుపోయినారు, కోసినారు. కాయితం మీద మేస్త్రీ సంతకం పెట్టినాడు’ అంది.

అంటే 20 ఏళ్లు నిండిన ఆడమనిషి కడుపు కోయడానికి కూలీల మేస్త్రీ అనుమతి ఇచ్చాడు. ఆ రోజు కోయడం తప్పని నేను అనడం లేదు, బహుశా అవసరమే అయ్యుంటుంది. మెలకువగా, మాట్లాడగలిగే స్థితిలో ఉన్న మనిషికి ఒక్క వాక్యం చెప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. మూడేళ్లుగా ఆమె దానికి తనే ఒక కారణం కల్పించుకుంది. ఎనిమిదో నెల దాకా మూటలు మోశాను కదా, అందుకే బిడ్డ అడ్డం తిరిగింది అనుకుంటోంది. తన తప్పే అనుకుంటోంది.

క్లినిక్కు కాగితాలు లేవు. కడుపు మీద అడ్డంగా మచ్చ ఉంది. అయితే పైన చర్మం మీద గీత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కూడా కోత అడ్డంగానే ఉందని చెప్పలేం. రెండో కాన్పుకు నొప్పులు చూడొచ్చా లేదా, అంటే నొప్పులు రానిచ్చి నార్మల్ కాన్పుకు ప్రయత్నించొచ్చా లేదా అన్నది ఆ లోపలి కోత మీదే ఆధారపడుతుంది. కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే చూడొచ్చు. నిలువుగా పైదాకా కోసి ఉంటే నొప్పుల్లో చిట్లిపోయే ప్రమాదం చాలా ఎక్కువ, చూడకూడదు. మొగుడు అదే మేస్త్రీకి ఫోన్ చేసి, మేస్త్రీ క్లినిక్కుకి పోయి, పది రోజులకు డిశ్చార్జి సమ్మరీ ఫొటో నా వాట్సాప్‌కు వచ్చింది. రెండే రెండు లైన్లు: ఫీటల్ డిస్ట్రెస్, ఎమర్జెన్సీ ఎల్‌ఎస్‌సీఎస్, బిడ్డ 2.7 కిలోలు. నాకు అవి చాలు. ఎల్‌ఎస్‌సీఎస్ అంటే గర్భసంచి కింది భాగంలో కోసి చేసే సిజేరియన్, కాబట్టి కోత కింది భాగంలోనే పెట్టారు. కారణం ఆ కాన్పుకు సంబంధించినదే, ప్రతిసారీ తిరిగొచ్చేది కాదు. మధ్యలో మూడేళ్లకు పైగా ఎడం ఉంది. ఆ ఫొటో చూపించి ‘బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గింది, అందుకే కోశారు, మూటలకూ దీనికీ సంబంధం లేదు’ అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అంతేనా’ అంది.

చింతపిక్కల డబ్బా

లెక్కలు చెప్పడం తేలికే, అర్థమయ్యేలా చెప్పడమే కష్టం. ‘సున్నా పాయింట్ ఐదు శాతం’ అంటే డిగ్రీ చదివినవాళ్లు కూడా తలూపుతారు, మనసులో ఏమీ నిలవదు. నా బల్ల సొరుగులో ఒక డబ్బాలో 200 చింతపిక్కలు ఉంటాయి. ఒకదానికి సున్నం పూసి ఉంటుంది. డబ్బాను బల్ల మీద కుమ్మరించాను.

‘ఇన్ని మంది నీలాంటివాళ్లు, ఒక పెద్దాపరేషన్ అయినవాళ్లు, రెండోసారి నొప్పులు చూసుకుంటే ఇదిగో ఈ ఒక్కరికి పాత కుట్టు లోపల విడిపోవచ్చు. విడిపోతే బిడ్డకు ప్రాణాపాయం, నీకూ ప్రమాదమే, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు’ అని చెప్పాను. మెత్తగా చెప్పలేదు. తర్వాత 100 పిక్కలు పక్కకు తీసి వాటిలో 70 విడదీశాను. నొప్పులు చూసుకున్న ప్రతి 100 మందిలో 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. మిగిలినవాళ్లకు నొప్పుల మధ్యలో సిజేరియన్ చేయాల్సి వస్తుంది. అలా మధ్యలో చేసేదానిలో రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ముందే తేదీ పెట్టుకుని చేసేదానికంటే ఎక్కువ. తేదీ పెట్టుకుని చేస్తే కుట్టు విడిపోయే భయం దాదాపు లేదు. దానికీ వేరే ఖరీదు ఉంది. కోత నొప్పి, కోలుకోవడానికి ఎక్కువ రోజులు, తర్వాతి గర్భంలో మాయ సమస్య.

ఆ మాయ సంగతి దగ్గరే నా తప్పు నాకు పూర్తిగా కనబడింది. మాయ గర్భసంచి కింది భాగంలో అతుక్కున్న గర్భంలో, అది పాత కోతలోకి వేళ్లలా పాతుకుపోయే అవకాశం ఒక సిజేరియన్ అయినవాళ్లలో 11 శాతం, రెండు అయినవాళ్లలో 40 శాతం. ఇక పిల్లలు వద్దనుకునే మనిషికి ఈ లెక్కతో పనే లేదు. ఇంకో బిడ్డ కావాల్సి రావచ్చు అనుకునే మనిషికి ఇది పెద్ద లెక్క. అంటే ట్యూబెక్టమీ గురించి ఆమె మనసులో ఏముందో తెలియకుండా కాన్పు ఎలా జరగాలన్నది నిర్ణయించలేం. నేను రెండింటినీ కలిపి ఒకే లైనులో రాసేశాను.

అప్పుడడిగాను, ‘ఆపరేషన్ గురించి నీకేమనిపిస్తోంది?’ అని.

చాలాసేపు చింతపిక్కల మీదే చూపు పెట్టి, వాళ్లక్క కథ చెప్పింది. అక్కకు రెండో కాన్పుతోనే ట్యూబులు ముడేశారు. మూడో నెలలో ఆ బిడ్డ జ్వరంతో పోయింది. ‘మా యక్కకు ఒక్కతే మిగిలింది. నాకు ఈ బిడ్డకు ఏడాది దాటనీ మేడమ్. దాటినాంక నేనే వచ్చి సేయించుకుంటా.’ ఈ మాట అత్త ముందు ఎప్పుడూ అనలేదు. పుట్టబోయే బిడ్డ చావు గురించి మాట్లాడినట్టు అవుతుందని భయం.

రాష్ట్రం మొత్తం చూస్తే ఈ అమ్మాయి ఒంటరి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 26.6. దేశం మొత్తమ్మీద 21.5. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ట్యూబెక్టమీ అయి ఉంది. ఈ అంకెల్లో ఎంత అవసరమో, ఎంత అలవాటో సర్వే చెప్పదు. నా పెన్ను మాత్రం ఆ రోజు అలవాటు ప్రకారమే కదిలింది.

చివర్లో ఆమె ‘మీరైతే ఏం సేస్తారు మేడమ్?’ అంది. ఈ ప్రశ్న వచ్చినప్పుడు ‘అది నీ ఇష్టం’ అని తప్పించుకునే డాక్టర్లను చూశాను. అది గౌరవం కాదని నా అభిప్రాయం. ఆమె నా అనుభవాన్ని అడుగుతోంది. ‘కర్నూలు లాంటి చోటైతే నేను నొప్పులు చూసుకుంటాను. ఇక్కడైతే చూసుకోను. నేను భయపడే సంగతులు వేరు, నువ్వు భయపడేవి వేరు. ఇంట్లో ఆలోచించి రా’ అన్నాను.

ఎక్కడ అన్నది కూడా ఎంపికే

‘ఇక్కడైతే చూసుకోను’ అన్నదాన్ని ఆమెకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మా ఆస్పత్రిలో మత్తు డాక్టరు పగలు మాత్రమే ఉంటారు. రాత్రి పిలిస్తే గంట పైనే పడుతుంది. రక్తం ఒకటి రెండు యూనిట్లకు మించి నిల్వ ఉండదు. కుట్టు విడిపోతే లెక్క నిమిషాల్లో ఉంటుంది. కాబట్టి మా దగ్గర తేదీ పెట్టుకుని సిజేరియన్ చేయించుకోవచ్చు, నొప్పులు చూడటం కుదరదు. నొప్పులు చూడాలంటే కర్నూలు పెద్దాస్పత్రికి పోవాలి. అక్కడ రాత్రీ పగలూ థియేటరు, మత్తు డాక్టర్లు, బ్లడ్ బ్యాంకు ఉంటాయి. రెండున్నర గంటల దారి. నొప్పులు మొదలయ్యాక 108లో బయల్దేరడం మంచి ఆలోచన కాదు.

సొంత ఆస్పత్రి గురించి ఇలా చెప్పడానికి నోరు రాదు. చెప్పకపోతే ఆమె చేసే ఎంపిక ఉత్తదే అవుతుంది.

ఆమెకు కర్నూలులో చిన్నమ్మ ఉంది. 37 వారాలు నిండగానే అక్కడికి పోయి ఉండొచ్చు. మూడేళ్ల పిల్లను అత్త చూసుకోవాలి. అంటే అత్త ఒప్పుకోవాలి. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇదే. కర్నూలులో చిన్నమ్మ లేని అమ్మాయికి నేను ఎన్ని చింతపిక్కలు లెక్కపెట్టి చూపించినా ఆమె ముందున్నది ఒకే దారి. ప్రతి డివిజన్‌లో ఒక్క ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటే ఇంత దూరం పోవాల్సిన పని ఉండదు.

అత్త

జులైలో అత్తాకోడళ్లిద్దరితో కూర్చున్నాను. అత్త ముందుగానే పంతులుని అడిగి వచ్చింది. శ్రావణం దాటకముందే మంచి రోజు ఉందంట. లెక్కేస్తే అప్పటికి 37 వారాలు కూడా నిండవు. ‘తల్లికీ బిడ్డకూ ఇబ్బంది లేనప్పుడు 39 వారాల ముందు నేను చేయను పెద్దమ్మా, బిడ్డ ఊపిరితిత్తులు తయారు కావాల’ అన్నాను. ఈ విషయంలో నేను రాజీ పడలేదు.

ఆమెను మొండిది అని రాయడం అన్యాయం. ఆమె చెప్పిన కారణాలు నాలుగు మాటల్లో ఇవి: ఆమె తోడికోడలు నొప్పులతో ఎద్దులబండిలో పోతూ దారిలోనే చనిపోయింది. పెద్దాపరేషన్ అంటే ప్రాణానికి భరోసా అని ఆమె నమ్మకం. ఒకసారి కోసి ఇంకోసారి ట్యూబులకు కోయడమెందుకు, రెండుసార్లు కూలి పోతుంది. మొదటిది గుండెకోత, రెండోది గట్టి లెక్క. రెండింటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత నాదే. కుట్టు విడిపోయే భయం గురించి, కర్నూలులో ఎందుకో, చిన్నమ్మ ఇంటి దగ్గర ఎందుకో చెప్పాను. ట్యూబెక్టమీ తర్వాత చేయించుకున్నా చిన్న కోతే, అదే రోజో మర్నాడో ఇంటికి పంపుతారని చెప్పాను. అక్క బిడ్డ సంగతి నేను ఎత్తలేదు. అది నా నోటి నుంచి రావాల్సింది కాదు. కాసేపటికి కోడలే చెప్పింది, తల దించుకుని. అత్త ఏమీ అనలేదు. ‘పాప నా కాడ ఉంటాది, నువ్వు పో’ అని మాత్రం అంది. ట్యూబెక్టమీ వద్దన్నదానికి మాత్రం ఆమె మనసు ఒప్పుకోలేదని మొహంలో తెలుస్తూనే ఉంది.

ఆ రోజు కార్డులో నేను మొదట రాసిన లైను కొట్టేశాను. ఒక తెల్లకాగితం మీద తెలుగులో ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి కార్డుకు పిన్ చేశాను. నొప్పులు వాటంతటవి వస్తే చూసుకుంటాను. నొప్పులు రావడానికి మందులు వద్దు. బిడ్డకు గానీ నాకు గానీ ప్రమాదమైతే ఆపరేషన్‌కు ఒప్పుకుంటాను, కారణం నాకు చెప్పాలి. 40 వారాలు దాటినా నొప్పులు రాకపోతే తేదీ పెట్టుకుంటాను. నొప్పులప్పుడు మా అమ్మ నా పక్కన ఉండాలి. ట్యూబెక్టమీ ఇప్పుడు వద్దు. కింద ఆమె సంతకం, నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. తల్లి పక్కన ఉండాలన్నది ఆమె గొంతెమ్మ కోరిక కాదు. కాన్పు గదిలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది.

ఐరన్ ఇంజెక్షన్లతో 36 వారాలకు హిమోగ్లోబిన్ 10.4కి వచ్చింది.

కాన్పు రాత్రి

సెప్టెంబరు 10 సాయంత్రం, 39 వారాల 2 రోజులకు, కర్నూలులో చిన్నమ్మ ఇంట్లో ఉండగా నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో పావుగంటలో పెద్దాస్పత్రికి చేరారు. రాత్రి 11 గంటలకు గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుంది, రెండున్నరకు 8. బిడ్డ గుండెను మెషీన్ మీద వదలకుండా చూశారు. సిజేరియన్ అయినవాళ్లలో కుట్టు ఇబ్బంది పడుతోందని చాలాసార్లు మొదట చెప్పేది బిడ్డ గుండే. అప్పుడు గుండె 90కి పడిపోవడం మొదలైంది, ఉమ్మనీరు పచ్చగా వచ్చింది. డ్యూటీ డాక్టరు ఆమె కార్డులోని కాగితం చదివి, కారణం చెప్పి, ఆమెను అడిగి, థియేటరుకు తీసుకెళ్లారు. కింది భాగం పలచబడి ఉంది, కుట్టు మాత్రం విడిపోలేదు. మగబిడ్డ, 2.9 కిలోలు, పుట్టగానే ఏడ్చాడు.

అప్పుడే బయట ఉన్న మొగుడికి ఫోన్ వచ్చింది. మగపిల్లాడని తెలిసి అత్త కొడుకుతో చెప్పింది, ‘కడుపు తెరిచే ఉంది గదా, ఆ పని కూడా సేసేయమను’ అని. అతను థియేటరు తలుపు దగ్గరికొచ్చి నర్సుకు చెప్పాడు, సంతకం పెడతానన్నాడు. నాకు ఈ సంగతి మర్నాడు డ్యూటీ డాక్టరు చెప్పారు. ఆయన ఫారం ఇవ్వలేదు. వెన్నుకు మత్తు కాబట్టి ఆమె మెలకువగానే ఉంది. తల దగ్గరికి వెళ్లి ఒక్కసారి అడిగారు. ‘ఇప్పుడొద్దు సార్. ముందే రాసినా’ అంది. ఆయన కడుపు మూసేశారు.

భర్త సంతకంతో ట్యూబెక్టమీ చేయకూడదు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం స్టెరిలైజేషన్‌కు కావాల్సింది ఆ మనిషి అనుమతే, భర్తదో భార్యదో అక్కర్లేదు. ఒత్తిడి పెట్టి గానీ మత్తులో ఉన్నప్పుడు గానీ ఆ అనుమతి తీసుకోకూడదు. 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా స్పష్టం చేసింది. పరీక్ష కోసం మత్తిచ్చిన ఆమెకు, బయట ఉన్న తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన మనిషి మత్తులో ఉందని ఇంకొకరు ఆమె తరఫున ఒప్పుకోవడం చెల్లదని కోర్టు చెప్పింది. మన దగ్గర ఎన్ని థియేటర్ల తలుపుల దగ్గర మొగుళ్లు, తండ్రులు, మేస్త్రీలు సంతకాలు పెడుతున్నారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఆరు వారాలకు

అక్టోబరు చివర్లో అత్తతో కలిసే వచ్చింది. కుట్లు మానాయి, పాలు బాగున్నాయి. ‘ఈసారి ఎందుకు కోసినారో నాకు తెల్సు మేడమ్’ అంది. ‘మిషన్‌లో టకటకా అనేది నింపాదైపోయె. వాళ్లు సెప్పకముందే నేనిన్నా. కోయండి అని నేనే అన్నా.’

నేను చెప్పడం మర్చిపోయిన సంగతి ఒకటి ఆమే చెప్పింది. థియేటరులో ఒళ్లంతా వణికిందట, చచ్చిపోతున్నాను అనుకుందట. వెన్నుకు మత్తిచ్చాక వణుకు రావడం మాకు రోజూ కనబడేదే, అందుకే మాకు చెప్పాలని తోచదు. ఇప్పుడు సిజేరియన్ గురించి చెప్పే ప్రతిసారీ వణుకు గురించి చెబుతున్నాను. డిశ్చార్జి సమ్మరీ వెనక తెలుగులో ఎందుకు చేశాం, లోపల కోత ఎక్కడ ఎలా పెట్టాం, తర్వాతి కాన్పుకు ఏం చేయొచ్చు అని రాసిస్తున్నాం. 26 వారాలకు మొదలుపెట్టిన ఈ మాటలు పాత సిజేరియన్ ఉన్న ప్రతి ఒక్కరితో నాలుగో నెలలోనే మొదలుపెడుతున్నాం. అన్నీ కుదరడం లేదు. 9వ తేదీ రద్దీలో ఇంకా కొందరికి నేను నాలుగు నిమిషాలే ఇస్తున్నాను.

అత్త నాతో మాట్లాడింది గానీ మొహం చూడలేదు. ఆమె దృష్టిలో నేను కోడలికి వంత పాడినదాన్నే.

గర్భం రాకుండా ఏం కావాలని అడిగి కాపర్-టీ, ఛాయా బిళ్లలు, అంతరా ఇంజెక్షన్ చూపించాను. మూడు నెలలకొకసారి వేసుకునే అంతరా కావాలంది, పాలిచ్చేవాళ్లు కూడా వేసుకోవచ్చు. రెండో డోసు జనవరి చివర్లో పడుతుంది. అప్పటికి మళ్లీ మిరప కోతకు పోతారు. కార్డు ఎక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా చూపించొచ్చని చెప్పి, తేదీని పెద్ద అంకెలతో రాసిచ్చాను. జనవరి 28న గుంటూరు వైపు ఒక పీహెచ్‌సీ నుంచి ఆశాకు ఫొటో వచ్చింది. కార్డులో రెండో గడిలో ముద్ర, పక్కన ఆమె చంకలో బిడ్డ.